ఎ ఫిఫ్త్ ఆఫ్ బీథోవెన్

ఎ ఫిఫ్త్ ఆఫ్ బీథోవెన్ అనునది అమెరికా సంగీతకారుడు వాల్టర్ మర్ఫీ రూపొందించిన డిస్కో వాద్య సంగీత రచన. జర్మను స్వరకర్త లుడ్విగ్ వాన్ బీథోవెన్ (1770 - 1827) ఐదవ సింఫనీలోని మొదటి భాగం దీనికి మూలం. ప్రైవేట్ స్టాక్ రికార్డ్స్ సంస్థ 1976లో విడుదల చేసిన ఈ రచన, సాహిత్యం, గాత్రం లేకుండానే బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితాలో ప్రథమ స్థానం పొందినది.

నేపథ్యము

మర్ఫీ 1952లో న్యూయార్కులో జన్మించాడు. మన్‌హట్టన్ స్కూల్ ఆఫ్ మ్యూజిక్‌లో విద్యనభ్యసించి, వాణిజ్య ప్రకటనలకు సంగీతం సమకూర్చాడు. శాస్త్రీయ బాణీని జనరంజకంగా మలచడం అప్పటికే ఉన్న పద్ధతి. బాఖ్ పేరిట ప్రసిద్ధి చెందిన ఒక మినుయెట్ ఆధారంగా 1965లో ది టాయ్స్ బృందం పాడిన గీతం ఇందుకు ఉదాహరణ. బీథోవెన్ రచనపై కాపీహక్కు లేనందున ఎవరి అనుమతీ అవసరం కాలేదు.

సంగీత రచన

ఐదవ సింఫనీ తొలిసారి 1808 డిసెంబరు 22న వియన్నాలో ప్రదర్శింపబడినది. మూడు హ్రస్వ స్వరాలు, ఒక దీర్ఘ స్వరం కలిసిన ప్రారంభ సంచారమే మూల రచనకు ప్రాణం. మర్ఫీ దానిని విడువకుండా, నాలుగు మాత్రలకూ సమానంగా పడే డిస్కో డ్రమ్ము దెబ్బపై నిలిపాడు. వాద్యాలలో అధిక భాగం ఆయనే వాయించాడు.

పేరు

పేరులో శ్లేష కలదు. 'ఫిఫ్త్' అనగా ఐదవది. అమెరికా వాడుకలో గాలనులో ఐదవ వంతు పట్టే మద్యం సీసా అని కూడా అర్థం. రికార్డుపై బృందం పేరు 'బిగ్ ఆపిల్ బ్యాండ్' అని ముద్రించారు. అయితే అదే పేరుతో మరొక బృందం ఉన్నందున తరువాత దానిని మార్చవలసి వచ్చినది. ఆ రెండవ బృందమే అనంతరం 'షీక్' పేరుతో ప్రఖ్యాతి గాంచినది.

ఆదరణ

1976 మే 29న 80వ స్థానంలో జాబితాకెక్కిన ఈ రచన, 19 వారాల తరువాత అక్టోబరు 9న అగ్రస్థానం చేరి ఒక్క వారం నిలిచినది. మరుసటి వారం 'డిస్కో డక్' ఆ స్థానాన్ని ఆక్రమించినది. 1977 నాటి 'సాటర్‌డే నైట్ ఫీవర్' చిత్ర సంగీత సంపుటిలో చేరడంతో మరింత మంది శ్రోతలకు చేరువైనది.

అనంతర కాలము

రిమ్‌స్కీ-కోర్సకోవ్ బాణీతో మర్ఫీ చేసిన 'ఫ్లైట్ 76' 44వ స్థానం దాటలేదు. తదుపరి ఆయన టెలివిజన్ రంగంలో స్థిరపడి, 1999లో మొదలైన 'ఫ్యామిలీ గై' ధారావాహికకు సంగీతం అందించాడు. 2012 నాటి 'టెడ్' చిత్రగీతానికి ఆస్కార్ నామినేషన్ పొందాడు.