రొయ్యల మేతలో బంక: ప్రకాశం తీరం, పడమటి మెట్ట - ఒక చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలతో ఏర్పడిన ఒంగోలు జిల్లా 1972లో ప్రకాశం జిల్లా అయింది. కర్నూలు నుండి చేరిన మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు నల్లమలను ఆనుకొన్న మెట్టభూములు. తూర్పున ఉన్నది సముద్రతీరం. తీరంలోని రొయ్యల సాగుకు మేత గుళికను నీటిలో నిలిపే బంక, అంటే బైండర్, కావాలి. బంకనిచ్చే చెట్టూ మొక్కా పడమటి వారికి పరిచితాలే. ఈ రెంటినీ కలిపి పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. బంక ఆవశ్యకత

రొయ్య మేతను ఒక్కసారిగా మింగదు. కాళ్లతో పట్టుకొని కొరుకుతూ నెమ్మదిగా తింటుంది. కనుక గుళిక రెండు మూడు గంటలైనా విడిపోకుండా ఉండాలి. విడిపోతే పోషకాలు నీటిపాలై, అడుగున కుళ్లి, అమ్మోనియా పెరుగుతుంది. సాగు వ్యయంలో పెద్ద భాగం మేతదే కాబట్టి రైతుకు ఇది రెండు విధాల నష్టం.

1990ల ఆరంభంలో కోస్తాలో విస్తరించిన టైగర్ రొయ్య సాగును 1994-95లో తెల్లమచ్చ వ్యాధి కుంగదీసింది. దానికి కారణం వైరస్, మేత కాదు. అయితే 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో చెరువుల కాలుష్యం దేశవ్యాప్త చర్చకు వచ్చింది. 2009లో వనామీ సాగు మొదలైన తరువాత మేత నాణ్యతకు ప్రాధాన్యం మరింత పెరిగింది.

3. బంక రకాలు

గోధుమపిండి, గ్లూటెన్, గోరుచిక్కుడు గింజల నుండి తీసే గ్వార్ గమ్, సముద్రపు నాచు నుండి వచ్చే ఆల్జినేట్ ఇందుకు వాడుకలో ఉన్నాయి. ముడిసరుకును మెత్తగా మరపట్టి ఆవిరితో ఉడికిస్తే పిండిపదార్థమే జిగురుగా మారుతుంది. గుళికలు పొడి రాలకుండా వస్తాయి, తయారీలో వృథా తగ్గుతుంది. పోషకవిలువ లేని బంక మోతాదు మించితే మాంసకృత్తుల స్థానాన్ని ఆక్రమిస్తుంది. అందువల్ల బంక ఎంత కలిపారన్నదానితో పాటు పిండిని ఎలా సిద్ధం చేశారన్నదీ నాణ్యతను నిర్ణయిస్తుంది.

4. పడమటి వనరులు

నల్లమలలో చెంచులు తపసి బంక సేకరిస్తారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అటవీ ఫలసాయంతో పాటు దీనినీ కొంటుంది. అది ప్రధానంగా ఆహార, ఔషధ పరిశ్రమలకు చేరుతుంది. గోరుచిక్కుడు ఇక్కడ కూరకాయ. గింజ కోసం దాని సాగు ప్రధానంగా రాజస్థాన్, హర్యానా, గుజరాత్‌లలో జరుగుతుంది. అమెరికా షేల్ గ్యాస్ బావులలో గ్వార్ గమ్ వాడకం పెరగడంతో 2012 ప్రాంతంలో దాని ధర విపరీతంగా పెరిగింది. రొయ్యల మేతలో వాడే ఒక బంక ధర ఎక్కడో తవ్వే బావులతో ముడిపడింది.

5. ముగింపు

బంకకు విలువ సేకరణలో కంటే శుద్ధిలో, శ్రేణీకరణలో, మరలో ఎక్కువగా చేరుతుంది. ఆ పనులు దూరంగా జరిగినంత కాలం మెట్ట రైతుకూ, చెంచు సేకర్తకూ ముడిసరుకు ధరే మిగులుతుంది. వర్షాభావాన్ని తట్టుకొనే గోరుచిక్కుడును పడమటి ప్రకాశంలో గింజ పంటగా పరిశీలించేటప్పుడు, విత్తనం కంటే ముందు మర గురించి ఆలోచించవలసి ఉంది.