ఆయుధ కర్మాగారాల వెలల విధానం - సంస్కరణ

సైన్యానికి కావలసిన సామగ్రిని ప్రభుత్వ కర్మాగారమే తయారుచేసి అందించినపుడు, దాని వెలను నిర్ణయించవలసినదెవరు? పోటీదారు లేనిచోట ఈ ప్రశ్న జటిలమవుతుంది. తెలుగు నేలపై ఇందుకు ప్రముఖ ఉదాహరణ ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం. నాటి మెదక్ జిల్లాలో 1984లో నెలకొల్పిన ఈ కర్మాగారం ప్రస్తుతం సంగారెడ్డి జిల్లాలో ఉంది. పదాతిదళానికి అవసరమైన బీఎంపీ-2 పోరాట వాహనాలు ఇక్కడ తయారయ్యాయి.

పాత పద్ధతి

2021 వరకు దేశంలోని 41 ఆయుధ కర్మాగారాలు కోల్‌కతా కేంద్రంగా గల మండలి ఆధ్వర్యంలో, రక్షణ శాఖలో అంతర్భాగంగా పనిచేశాయి. సైన్యం ఇండెంటు పంపేది. ముడిసరుకు, వేతనాలు, నిర్వహణ వ్యయం కలిపి కర్మాగారం వెల కట్టేది. లాభం చేర్చేవారు కారు.

పైకి ఇది న్యాయంగానే కనిపిస్తుంది. కాని అడవిపొలంలో ఇల్లు కట్టించుకొనే గృహస్థు మేస్త్రీతో "ఎంత ఖర్చయితే అంత ఇస్తాను" అని ఒప్పుకొంటే, సిమెంటు వృథా అయినా, పని నెలల తరబడి సాగినా ఆ భారం గృహస్థుదే. సైన్యం పరిస్థితీ అటువంటిదే. పైగా ఆర్డర్లు తగ్గినా భవనాలు, యంత్రాలు, పర్యవేక్షణ ఖర్చు తగ్గదు. కాబట్టి మిగిలిన ఒక్కొక్క వస్తువుపై భారం పెరుగుతుంది. సైన్యానికి కేటాయించిన బడ్జెట్ పరిమితమైనది. వెల పెరిగిన మేరకు సైనికునికి చేరే సామగ్రి తగ్గుతుంది.

మార్పు

కర్మాగారాలను కార్పొరేషన్‌గా మార్చాలని విజయ్ కేల్కర్ కమిటీ 2005లోనే సూచించింది. 2021 జూన్ 16న కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అక్టోబర్ 1న మండలి రద్దయి 7 ప్రభుత్వ కంపెనీలు ఏర్పడ్డాయి. ఎద్దుమైలారం కర్మాగారం చెన్నై ఆవడిలోని ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్‌లో చేరింది. అప్పటికి పెండింగులో ఉన్న సుమారు 65,000 కోట్ల రూపాయల ఇండెంట్లు ఒప్పందాలుగా మారాయి. నాటినుంచి లాభనష్టాల లెక్క కంపెనీదే.

ఉద్యోగ భద్రత దెబ్బతింటుందని కార్మిక సంఘాలు ఈ మార్పును వ్యతిరేకించాయి. సమ్మెలను నిషేధించే అధికారాన్ని ప్రభుత్వానికిచ్చే అత్యవసర రక్షణ సేవల చట్టాన్ని పార్లమెంటు అదే ఏడాది ఆమోదించింది.

మిగిలిన సమస్య

శాఖ కంపెనీగా మారినంత మాత్రాన వెల తగ్గదు. అమ్మేవాడు ఒక్కడే అయినపుడు ముడిసరుకు, పనిగంటలు, నిర్వహణ వ్యయం విడివిడిగా చూపించుకొని, వ్యయ గణకులచేత పరిశీలింపజేసి బేరమాడడమే కొనుగోలుదారుకు మార్గం. ఆ పరిశీలన కొరవడితే పాత భారమే కొత్త పేరుతో ప్రజాధనంపై పడుతుంది.