పలక మనది, బొమ్మలు చైనావి

మాది మార్కాపురం వైపు. మా ఊరి రాతిపలకల మీద దేశంలో ఎంతమంది ఓనమాలు దిద్దారో లెక్కలేదు. నేనూ ఆ బాపతే. చరిత్ర పాఠమంటే మాకు ఆ పలక మీద రాజుల పేర్లు, సంవత్సరాలు రాసుకోవడం, మళ్ళీ చెరిపెయ్యడం, అంతే. పుస్తకంలో బొమ్మ ఉన్నా అగ్గిపెట్టంత, అదీ మసకమసగ్గా.

మొన్న సెలవులకి ఇంటికెళ్తే ఎనిమిదో తరగతి చదివే మా అక్క కూతురు "మామా, హ్యూయన్‌త్సాంగ్ మీద ప్రాజెక్టు చెయ్యాలి, చైనా బొమ్మలు కావాలి" అని పక్కన చేరింది. సాఫ్ట్‌వేరు మామ ఉన్నది అందుకేగా! లాప్‌టాప్ తీశాం.

ముందు దొరికింది అమెరికాలో వాషింగ్టన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ పాట్రీషియా ఎబ్రీ పాఠాల కోసం తయారుచేసిన చైనా నాగరికత బొమ్మల సంకలనం. సమాధులు, ఇళ్ళు, తోటలు, బట్టలు, యుద్ధ పరికరాలు, బౌద్ధం అన్నీ విడివిడిగా ఉన్నాయి. బొమ్మ పెట్టి, జవాబు చెప్పెయ్యకుండా 'ఇందులో నీకేం కనిపిస్తోంది' అన్నట్టు ప్రశ్న వేస్తారు. మా పిల్ల అరగంట కదల్లేదు.

తర్వాత దున్‌హువాంగ్ గుహలు. అక్కడ మూసేసిన ఓ గది 1900లో బయటపడింది. 1907లో ఆరెల్ స్టెయిన్ వచ్చి వేలకొద్దీ రాతప్రతులు పట్టుకెళ్ళాడు. 868లో అచ్చేసిన వజ్రచ్ఛేదిక సూత్రం వాటిలోదే, ఇప్పుడు లండన్లో ఉంది. ఇలా దేశదేశాలకి చెదిరిపోయినవాటిని తెరమీదైనా ఒకచోట చేర్చాలని 1994లో బ్రిటిష్ లైబ్రరీ కేంద్రంగా ఒక ప్రాజెక్టు మొదలైంది. గుహల్లో కొన్నిటిని ఇప్పుడు ఇంట్లో కూర్చునే నలువైపులా తిప్పి చూడొచ్చు.

అంతా చూసి మా పిల్ల ఒకటే మాట అడిగింది. "ఆయన ధాన్యకటకం దాకా వచ్చాడంట కదా మామా, మరి మనవైపువి ఎక్కడున్నాయి?"

వెతికాను. మాకు దగ్గర్లో చందవరం ఉంది. దొనకొండ దగ్గర, గుండ్లకమ్మ ఒడ్డున. కొండ మీద శాతవాహనుల కాలం నాటి మహాస్తూపం. 1964లో వేలూరి వెంకట కృష్ణశాస్త్రి గారు గుర్తించారు, 1970లలో తవ్వకాలు జరిగాయి. గుంటూరు రైల్లో దొనకొండ మీదుగా ఎన్నిసార్లు పోయానో, ఒక్కసారి దిగలేదు. ఆ రోజు నాకు దొరికినవి నాలుగు యాత్రికుల ఫోటోలు, ఓ రెండు పేరాలు.

సర్లే, పల్లెటూరి స్తూపానికి ఫోటోలెందుకు అంటారా? వినండి. చందవరంలోని ఒక సున్నపురాయి శిల్పఫలకం, బుద్ధుణ్ణి పూజిస్తున్న భక్తులది, దొంగలపాలైంది. న్యూయార్క్ డీలరు చేతుల మీదుగా 2005లో ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీకి చేరింది. అక్కడ అద్దాల వెనక దర్జాగా నిలబడింది. అది మనదని రుజువు చెయ్యడానికి పనికొచ్చింది ఏంటో తెలుసా? ఆ రాయి ఇక్కడ ఉండగా తీసిన పాత ఫోటో! 2016లో ఆస్ట్రేలియా దాన్ని ఇండియాకి అప్పజెప్పింది.

మన భాషలో చెప్పాలంటే అది బ్యాకప్. ఆ ఫోటో లేకపోతే ఆ రాయి ఎక్కడిదో అడిగే నాథుడే లేడు. ఫోటో తియ్యని రాయి పోతే, పోయిందని కూడా తెలీదు. పైగా మా పిల్ల లాంటివాళ్ళకి దున్‌హువాంగ్ గుహ తెలుస్తుంది, రైల్లోంచి దిగితే చేరే కొండ తెలీదు. తప్పు చైనావాళ్ళది కాదు, వాళ్ళు దాచుకున్నారు. మనం చెరిపేసుకునే పలక మీదే ఆగిపోయాం.

దీనికి పెద్ద గ్రాంటులు వచ్చేదాకా ఆగక్కర్లేదు. అక్కడి సిబ్బంది అనుమతి అడిగి, ప్రతి రాయి పక్కన ఒక స్కేలు పెట్టి, తేదీ, చోటు, ఏ దిక్కు నుంచి తీశామో రాసి, వికీమీడియా కామన్స్‌లో పెడితే చాలు. కింద తెలుగులో ఒక ప్రశ్న.

ప్రాజెక్టు చివరిపేజీలో మా పిల్ల ఓ ఖాళీ గడి గీసి "చందవరం" అని రాసింది. టీచరు ఏమన్నారో తెలీదు గానీ, ఉగాదికి ఇద్దరం వెళ్తున్నాం. స్కేలు తను తెస్తానంది :-)

మీ ఊరి కొండ మీద ఏముంది?