రాళ్ళ నొప్పి వెనక నాలుగు గింజలు

మా సీమలో స్కానింగంటే పొట్ట మీదే. కడుపుతో ఉన్నవాళ్ళకి, లేదంటే రాళ్ళ నొప్పికి. మెడకి కూడా తీస్తారని చెప్తే ప్రొద్దుటూరులో మా ఇంట్లోవాళ్ళు నవ్వారు.

జమ్మలమడుగులో లండన్ మిషనరీ సొసైటీ వాళ్ళ క్యాంప్‌బెల్ ఆస్పత్రి పాతది. అక్కడ కొన్నాళ్ళు డాక్టరుగా చేసిన రాజశేఖరరెడ్డి 1973లో పులివెందులలో తండ్రి పేరున 70 పడకల ఆస్పత్రి పెట్టారు. అంతకు మించిన జబ్బయితే రాయవేలూరు బస్సెక్కడమే!

సరే, అసలు సంగతి. థైరాయిడ్ వెనకాల కందిబద్దంత గ్రంథులు సాధారణంగా నాలుగుంటాయి, పారాథైరాయిడ్లు. రక్తంలో కాల్షియం లెక్క వీటి చేతిలోనే. వీటిని మొదట గమనించింది మనిషిలో కాదండీ, లండన్ జూలో 1849లో చచ్చిపోయిన మన ఇండియా ఖడ్గమృగంలో! కోసి చూసింది రిచర్డ్ ఓవెన్. మనిషిలో వీటిని గుర్తించి 1880లో రాసింది స్వీడన్ కుర్రాడు సాండ్‌స్ట్రోమ్. అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

1925లో వియన్నాలో ఫెలిక్స్ మాండ్ల్ ఒక ట్రాము కండక్టరుకి ఆపరేషన్ చేశాడు. ఎముకలు గుల్లబారిపోయిన మనిషి. ముందు గ్రంథి చాలలేదేమోనని ఇంకొకటి అతికించి చూశాడు, లాభం లేదు. అప్పుడు మెడ తెరిచి గడ్డ తీసేస్తే మనిషి లేచి నడిచాడు. కానీ కొన్నేళ్ళకి జబ్బు తిరగబెట్టింది, ఈసారి బతకలేదు. అది క్యాన్సరేమోనని తర్వాత కొందరు అనుమానించారు.

ఈ క్యాన్సర్ చాలా అరుదు. పారాథైరాయిడ్ అతిగా పనిచేసే కేసుల్లో సాధారణంగా నూటికి ఒకటి కన్నా తక్కువ. మరి స్కానింగ్ పట్టేస్తుందా? ఖాయంగా చెప్పలేదు. గడ్డ 3 సెంటీమీటర్లు దాటడం, అంచులు వంకరటింకరగా ఉండడం, పక్క కండరంలోకి చొచ్చుకుపోవడం, వీటితోపాటు కాల్షియం డెసిలీటరుకి 14 మిల్లీగ్రాములు దాటడం... ఇవన్నీ కలిస్తే అనుమానించాలి. అనుమానం ఉంటే సూది గుచ్చి ముక్క తీయొద్దంటారు, కణాలు చిందుతాయని. మొదటి ఆపరేషన్‌లోనే గడ్డ చిట్లకుండా చుట్టుపక్కలతో కలిపి తీసేయాలి. అందుకే కత్తి పట్టకముందు వచ్చే ఆ అనుమానం అంత విలువైనది.

మనవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే హార్డ్‌వేర్ అదే, పెరిఫెరల్ మారుతుంది. పొట్టకి 3.5 మెగాహెర్ట్జ్ ప్రోబ్ అయితే లోతుకి పోతుంది, వివరం తక్కువ. మెడకి 7.5 లేదా అంతకు పైన, లోతు పోదు గానీ బొమ్మ స్పష్టం. అందుకని ఛాతీలోకి దిగిపోయిన గ్రంథి దీనికి కనపడదు, దానికి వేరే స్కానులున్నాయి.

మా మామ ఒకాయనకి మూడుసార్లు రాళ్ళొచ్చాయి. మూడుసార్లూ పొట్ట స్కానింగే తీశారు, "నీళ్ళు బాగా తాగు" అన్నారు. రక్తంలో కాల్షియం ఎంతుందో ఒక్కరూ చూడలేదు. రాళ్ళన్నీ ఈ గ్రంథి వల్ల రావు, నిజమే. కానీ మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళకి చూడాల్సింది కాల్షియం, అది ఎక్కువుంటే పారాథైరాయిడ్ హార్మోన్. మెడ స్కానింగ్ ఆ తర్వాతే. నాలుగోసారి ఆ రక్తపరీక్ష నేనే పట్టుబట్టి చేయించాను. మామూలుగానే వచ్చింది. "డబ్బులు దండగ చేయించినావు గదరా" అని ఆయన ఇప్పటికీ సణుగుతాడు.