లినక్స్‌లో కంప్యూటర్ వేడి, ఫ్యాను వేగం చూడటం ఎలా?

కంప్యూటర్ నెమ్మదించినా, ఉన్నట్టుండి ఆగిపోయినా కారణం వేడి కావచ్చు. లినక్స్‌లో దీన్ని టెర్మినల్ నుంచే కనిపెట్టే సాధనం ‘ఎల్ఎం-సెన్సర్స్’. డెబియన్, ఉబుంటుల్లో ప్యాకేజీ పేరూ ఇదే.

ఇన్‌స్టాల్ చేశాక ‘సెన్సర్స్-డిటెక్ట్’ ఆదేశాన్ని రూట్ హక్కులతో ఒకసారి నడపాలి. అది మదర్‌బోర్డుపై ఉన్న సెన్సర్ చిప్‌లను వెతికి, వాటికి కావలసిన కెర్నల్ మాడ్యూళ్లను చెబుతుంది. అడిగే ప్రశ్నలకు ఎంటర్ నొక్కుతూ పోతే చాలు. ఆ తర్వాత ‘సెన్సర్స్’ అని టైప్ చేస్తే ఉష్ణోగ్రత సెల్సియస్ డిగ్రీల్లో, ఫ్యాను వేగం నిమిషానికి ఇన్ని చుట్లని కనిపిస్తాయి. ‘వాచ్ -ఎన్ 2 సెన్సర్స్’ అంటే ప్రతి 2 సెకన్లకూ కొత్త అంకెలు వస్తాయి.

ఈ రెండు అంకెలనూ కలిపి చదవాలి. వేడి పెరుగుతున్నా ఫ్యాను వేగం పుంజుకోకపోతే ఫ్యానునో, దాని సెట్టింగులనో అనుమానించాలి. ఫ్యాను జోరుగా తిరుగుతున్నా వేడి తగ్గకపోతే పేరుకున్న దుమ్మును, ఎండిపోయిన థర్మల్ పేస్టును చూడాలి. ఫ్యాను వేగం 0 అని ఉంటే, ఆ కనెక్టరుకు అసలు ఫ్యానే తగిలించి ఉండకపోవచ్చు.

‘క్రిట్’ అని చూపే అంకె ప్రమాద హద్దు. ఆ దరిదాపుల్లో ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అప్పటికీ చల్లబడకపోతే యంత్రం ఆగిపోతుంది. సేవ్ చేయని పని దక్కదు.