శేషం వెండితెరపై: ఇంటికి చేరిన చలనచిత్ర సంక్షిప్త రూపాలు – చారిత్రకాధారాలుగా వాటి విలువ

ఉపోద్ఘాతం

ఉస్మానియా విశ్వవిద్యాలయ తెలుగు శాఖలో ఆచార్యులుగా పనిచేసిన సి. నారాయణరెడ్డి 1962లో 'గులేబకావళి కథ'కు పాటలు రచించిన నాటి నుండి ఈ ప్రాంగణానికి సినిమా పాట పరాయిది కాదు. సినిమా సాహిత్యం నేడు పరిశోధనాంశంగా స్థిరపడింది. అయితే ఆ రంగంలో అడుగుపెట్టిన విద్యార్థికి మొదటి మెట్టులోనే ఒక చిక్కు ఎదురవుతుంది. కావ్యానికి ప్రతులుంటాయి, పాఠాంతరాలుంటాయి, పరిష్కర్త పీఠిక ఉంటుంది. చిత్రానికి ప్రామాణికమైన పాఠం ఏది? తొలి దశాబ్దాల చిత్రాలలో అనేకం నేడు చూడటానికే లభించవు. లభించినవాటిలోనూ తొలి ప్రదర్శన నాటి నిడివి నిలిచి ఉందని చెప్పలేము.

ఈ సందర్భంలో, మూలచిత్రం నశించినా ఇళ్లలో మిగిలిపోయిన దాని సంక్షిప్త రూపాలు పరిశీలనార్హమవుతాయి. పాశ్చాత్య దేశాలలో అవి ఇంటిలో ప్రదర్శించుకొనే చిన్న రీళ్లు. తెలుగునాట అవి పాటల పుస్తకాలు, గ్రామఫోను రికార్డులు, వెండితెర నవలలు, ఆకాశవాణి శబ్దచిత్రాలు. వీటిని కేవలం జ్ఞాపక వస్తువులుగా కాక ఖండప్రతులుగా భావించి, ఒక్కొక్కటి దేనికి ప్రమాణమో, దేనికి కాదో నిర్ణయించుకోవాలన్నది ఈ వ్యాసంలోని ప్రతిపాదన.

ఇంటి తెరపై సినిమా

ఫ్రాన్సులో పాథే సంస్థ 1922లో 9.5 మి.మీ. ఫిల్ముతో నడిచే 'పాథే బేబీ' యంత్రాన్ని విడుదల చేసింది. ఆ మరుసటి ఏడు ఈస్ట్‌మన్ కోడక్ 16 మి.మీ. ఫిల్మును, 1932లో 8 మి.మీ. ఫిల్మును, 1965లో సూపర్ 8ను ప్రవేశపెట్టింది. వీటికి నిప్పంటుకొనే నైట్రేట్ ఫిల్మును వాడకపోవడం వల్లనే ఇంటిలో ప్రదర్శన నిరపాయకరమైంది. యంత్రం కొన్నవారికి చూడటానికి బొమ్మ కావాలి. ఆ అవసరం నుండే పూర్తి నిడివి చిత్రాలను కుదించి అమ్మే వ్యాపారం పుట్టింది. అమెరికాలో యూజీన్ కాసిల్ స్థాపించిన కాసిల్ ఫిల్మ్స్ 1937 నుండి ఈ విపణిలో ప్రసిద్ధి పొందింది. 1977 నాటి 'స్టార్ వార్స్' కూడా ఇటువంటి సూపర్ 8 సంక్షిప్త ప్రతిగా ఇళ్లకు చేరింది. వీడియో క్యాసెట్టు రాకతో ఈ వ్యాపారం అడుగంటింది.

కుదింపు ఎంత తీవ్రమైనదో గణితమే చెబుతుంది. సూపర్ 8 ఫిల్ములో అడుగుకు 72 చట్రాలుంటాయి. సెకనుకు 24 చట్రాల వేగంతో 400 అడుగుల రీలు నడిచేది 20 నిమిషాలు. 200 అడుగుల రీలు 10 నిమిషాలు. అంటే రెండు గంటల చిత్రంలో ఆరింట ఒక వంతు, లేదా పన్నెండింట ఒక వంతు మాత్రమే మిగిలేది. ఏది ఉంచాలి, ఏది విడువాలి అన్న నిర్ణయం దర్శకునిది కాదు, విక్రేతది. కనుక అటువంటి రీలు మూలచిత్రానికి ఎంత సాక్ష్యమో, ఆనాటి కొనుగోలుదారుని అభిరుచిపై విక్రేతకున్న అంచనాకు కూడా అంతే సాక్ష్యం.

ఖండం నుండి అఖండానికి

ఈ ఖండాల విలువకు రెండు నిదర్శనలు చాలు. ఏబెల్ గాన్స్ 1927లో నిర్మించిన 'నెపోలియన్' మూకీ చిత్రం కత్తిరింపులకు గురై రూపు చెడిపోయింది. 1954లో కెవిన్ బ్రౌన్‌లో అనే ఇంగ్లీషు బాలునికి ఆ చిత్రపు 9.5 మి.మీ. సంక్షిప్త ప్రతిలోని రీళ్లు దొరికాయి. ఇంటి గోడపై చూసిన ఆ ముక్కలే అతణ్ణి మిగిలిన భాగాల అన్వేషణకు పురికొల్పాయి. పావు శతాబ్దం గడిచాక, 1979–80లలో, అతని పునరుద్ధరణ ప్రేక్షకుల ముందుకు వచ్చింది.

రెండవది ఫ్రిట్జ్ లాంగ్ చిత్రం 'మెట్రోపోలిస్'. 1927లో తొలి ప్రదర్శన తరువాత దానిని బాగా కుదించారు. తొలగిన దృశ్యాలు శాశ్వతంగా పోయాయనే అందరూ భావించారు. 2008లో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిరీస్‌లోని సినిమా మ్యూజియంలో ఒక 16 మి.మీ. ప్రతి బయటపడింది. గీతలు పడి, అంచులు తెగిన ఆ ప్రతి నుండే సుమారు 25 నిమిషాల భాగం 2010 నాటి పునరుద్ధరణలో చేరింది. చిన్న ఫిల్ము, నాసి ప్రతి, దూరదేశం – ఈ మూడూ ఆధారానికి అనర్హతలు కావని దీనివల్ల తెలుస్తుంది.

తెలుగు పరిశోధకునికి ఈ పద్ధతి కొత్తది కాదు. వేటూరి ప్రభాకరశాస్త్రి 1918లో ప్రకటించిన 'ప్రబంధ రత్నావళి' చేసిన పని ఇదే. అలభ్యమైపోయిన కావ్యాల నుండి సంకలన గ్రంథాలలోకి ఎక్కి బ్రతికిన పద్యాలను ఆయన ఏర్చి కూర్చారు. సంకలనకర్త తన రుచికొద్దీ ఎత్తి రాసుకొన్న పద్యమే ఆ కవి ఉనికికి ఏకైక సాక్ష్యమైన సందర్భాలున్నాయి. పాటల పుస్తకం కూడా అటువంటి సంకలనమే.

తెలుగింటి సంక్షిప్తాలు

తెలుగు ఇంటిలో చిన్న రీలు స్థానాన్ని కాగితం, లక్క పలక, రేడియో ఆక్రమించాయి. ఇందుకు కారణం ఆర్థికం. ముడి ఫిల్మును దేశం దీర్ఘకాలం దిగుమతి చేసుకొనవలసి వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఫిల్ము కొరత వల్ల ప్రభుత్వం కథాచిత్రం నిడివినే 11,000 అడుగులకు, అనగా సుమారు రెండు గంటలకు పరిమితం చేసింది. ప్రదర్శనకే ఫిల్ము చాలని చోట ఇంటి వినోదానికి ఫిల్ము అందుబాటులోకి రావడం దుస్సాధ్యం. 16 మి.మీ. ప్రతులు కళాశాలలకు, ఫిల్ము సొసైటీలకు, సంచార ప్రదర్శనలకు చేరాయే కాని గృహస్థుని అల్మారాకు చేరలేదు.

గృహస్థునికి అందినది పాటల పుస్తకం. హాలు వాకిట అణాల ధరకు అమ్మిన ఈ పలుచని పుస్తకంలో ముఖచిత్రం, నటీనటుల పట్టిక, సాంకేతిక వర్గం, కథాసంగ్రహం, పాటలు, పద్యాలు ఉంటాయి. కథాసంగ్రహం పతాక సన్నివేశం దాకా వచ్చి, శేషం వెండితెరపై చూడమని ఆగిపోతుంది. ఇక్కడొక విశేషం గమనింపదగినది. విదేశీ చిన్న రీలు రసవత్తర ఘట్టాన్ని ఉంచి తక్కినదాన్ని విడుస్తుంది. మన పాటల పుస్తకం తక్కినదాన్ని చెప్పి ఆ ఘట్టాన్నే దాస్తుంది. మొదటిది చిత్రాన్ని ఇంటికి తెస్తుంది. రెండవది ఇంటివారిని చిత్రానికి పంపుతుంది.

78 వేగపు రికార్డు పాటను ఇంటికి తెచ్చింది. ఒక్కొక్క ముఖంపై మూడు నిమిషాలకు కొంచెం మించి మాత్రమే పట్టేది కనుక చరణాలు, వాద్యభాగాలు ఆ కొలతకు ఒదగవలసి వచ్చేది. తరువాతి కాలంలో సంభాషణలే రికార్డులుగా, క్యాసెట్లుగా వచ్చాయి. 'ముత్యాలముగ్గు' (1975), 'దానవీరశూరకర్ణ' (1977) సంభాషణలు పెళ్లిపందిళ్లలోనూ మైకుల ద్వారా మారుమోగాయి. కొండవీటి వెంకటకవి రాసిన దుర్యోధనుని వాక్యాలు చిత్రాన్ని చూడనివారికి సైతం కంఠస్థమయ్యాయి.

ఆకాశవాణి 'సంక్షిప్త శబ్దచిత్రం' ఇంకొక మార్గం. చిత్రంలోని సంభాషణలను, పాటలను వ్యాఖ్యానంతో ముడివేసి గంటకు అటూ ఇటూగా వినిపించేవారు. మధ్యాహ్నపు భోజనం వేళ రేడియో చుట్టూ చేరి కుటుంబమంతా విన్న ఆ శబ్దచిత్రమే పలువురికి ఆ సినిమా. వెండితెర నవల ఇంకొక మెట్టు. ముళ్లపూడి వెంకటరమణ వంటి రచయిత చేతిలో అది కుదింపుగా కాక పునఃకథనంగా మారింది.

ఏది దేనికి ప్రమాణం?

ఈ నాలుగింటి సాక్ష్యం సమానం కాదు. పాటల పుస్తకం సాధారణంగా విడుదలకు ముందే అచ్చయ్యేది. కనుక ప్రదర్శనలో తొలగిన పాట పుస్తకంలో మిగిలి ఉండవచ్చు. చివరి క్షణంలో చేరిన పాట పుస్తకంలో లేకపోవచ్చు. రచయిత ఉద్దేశించిన పాఠానికి అది ప్రమాణం. తెరపై కనిపించిన దానికి కాదు. రికార్డు గాయకుని ఉచ్చారణకు, బాణీకి ప్రమాణం; పాట నిడివికి కాదు. శబ్దచిత్రం సంభాషణకు ప్రమాణం. సన్నివేశ క్రమానికి కాదు. వెండితెర నవల ఆనాటి పఠనాభిరుచికి ప్రమాణం. చిత్రపు మాటకు కాదు.

కాగితపు సాక్ష్యం ఎంతటి దోషాన్ని సవరించగలదో 'భక్త ప్రహ్లాద' ఉదంతం తెలుపుతుంది. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వం వహించిన ఈ తొలి పూర్తి తెలుగు టాకీ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల పాటు పుస్తకాలు ఒకదాన్ని చూసి ఒకటి రాశాయి. పత్రికా రచయిత రెంటాల జయదేవ సమకాలీన పత్రాలను వెదకి, సెన్సారు ధ్రువీకరణ 1932 జనవరి 22న లభించిందని, చిత్రం 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైందని నిరూపించారు. చిత్రం కంటికి కనిపించని చోట పత్రం పలికింది. తొలి భారతీయ టాకీ 'ఆలం ఆరా' (1931) విషయమూ అంతే. ప్రతి లేదు, ఛాయాచిత్రాలు, ప్రచార పత్రాలు మాత్రం చరిత్రను మోస్తున్నాయి.

తార్నాక ఇళ్లలో

ఈ సామగ్రి ఎక్కడ ఉంది? 1964లో పుణేలో ఏర్పడిన జాతీయ ఫిల్ము భాండాగారంలో పాటల పుస్తకాలు కొన్ని భద్రంగా ఉన్నాయి. అయితే అన్నీ ఒకేచోట ఉండటంలోని ప్రమాదాన్ని 2003 జనవరి నాటి అగ్నిప్రమాదం చాటింది. పుణేలో భద్రపరచిన నైట్రేట్ ప్రతులు పెద్ద సంఖ్యలో దగ్ధమయ్యాయి. చెదురుగా ఇళ్లలో ఉన్నదే ఒక్కొక్కప్పుడు బ్రతుకుతుంది.

విశ్వవిద్యాలయానికి ఆనుకొని ఉన్న తార్నాక అటువంటి ఇళ్ల పేట. తీగ కంచె, దానికొక కాపలా నాకా ఉండటం వల్ల ఆ పేరు వచ్చిందని స్థానికులు చెబుతారు. అధ్యాపకులు, జాతీయ పోషకాహార సంస్థ, రసాయన పరిశోధనశాల ఉద్యోగులు, లాలాగూడ రైల్వే సిబ్బంది నలుదిక్కుల నుండి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. వారితో పాటు ట్రంకు పెట్టెలూ వచ్చాయి. ఈ వ్యాసకర్త కొన్నేళ్ల క్రితం ఇక్కడి ఒక విశ్రాంత ఉద్యోగి ఇంటిలో దారంతో కుట్టిన పాటల పుస్తకాల కట్టను చూడటం జరిగింది. రామబాణపు పురుగు కొన్ని పుటలను తినివేసింది. ఐనా ప్రతి పుస్తకం చివర పెన్సిలుతో ఊరు, హాలు, తేది, వెంట వచ్చినవారి పేర్లు రాసి ఉన్నాయి. ముద్రిత పాఠం కంటె ఆ చేతిరాతే ఎక్కువ విలువైనది. ఒక కుటుంబం ఏ చిత్రాన్ని, విడుదలైన ఎన్నాళ్లకు, ఏ ఊరిలో చూసిందో చెప్పే ఆధారం ఇతరత్రా దొరకదు.

వారం తరువాత కెమెరాతో తిరిగి వెళ్లేసరికి ఇల్లు ఖాళీ అయింది. ఆ స్థలంలో అపార్టుమెంటు కట్టనున్నారు. కట్ట పాత పేపర్లవానికి తూకానికి వెళ్లింది. ఆ తరువాత కొన్ని ఆదివారాలు ఆబిడ్స్ పేవ్‌మెంటు పుస్తకాలలో వెదికినా అది కనబడలేదు. తప్పు ఆ ఇంటివారిది కాదు. ఆ కాగితానికి విలువ ఉందని అక్కడే, ఆ క్షణమే వారికి చెప్పకపోవడం ఈ వ్యాసకర్త పొరపాటు.

ఉపసంహారం

ఈ అనుభవం నుండి కొన్ని పద్ధతులను సూచించవచ్చు. చూసిన నాడే ఛాయాచిత్రం తీసుకోవాలి. పాటలు ఉన్న పుటలను మాత్రమే కాక ముద్రణాలయం పేరు, ధర, పంపిణీదారుల ప్రకటన, అంచులలోని చేతిరాతలను కూడా నమోదు చేయాలి. పుస్తకం ఎవరి ఇంటి నుండి, ఏ ఊరి నుండి వచ్చిందో రాసిపెట్టాలి; ఆ వివరం ఊడిపోయిన నాడు అది సగం మూగదవుతుంది. పెళుసు కాగితానికి ప్లాస్టిక్ పూత వేయించరాదు. 78 వేగపు రికార్డులను పడుకోబెట్టి దొంతర పెట్టక, నిలువుగా ఉంచాలి. 16 మి.మీ. డబ్బా తెరవగానే వెనిగర్ పుల్లని వాసన వస్తే అసిటేటు ఫిల్ము క్షీణిస్తున్నట్లు గ్రహించి, తక్కిన రీళ్లకు దూరంగా, చల్లని పొడిచోట ఉంచి త్వరగా ప్రతి తీయించాలి.

ప్రతి తెలుగు శాఖా తన చుట్టుపక్కల పేటలలో ఇటువంటి సామగ్రి పట్టికను విద్యార్థుల చేత తయారు చేయించగలదు. దానికి పెద్ద నిధులు అక్కరలేదు. ఒక ఫోను, ఒక నోటుపుస్తకం, పెద్దల ఇంటిలో గంటసేపు కూర్చొనే ఓర్పు చాలు. సి.పి. బ్రౌన్ తాళపత్ర ప్రతులను సేకరింపజేసి, పోల్చి చూపించిన కాలంలో వాటిని కలిగినవారిలో చాలామందికి వాటి విలువ తెలియదు. నేటి పాటల పుస్తకాల స్థితి అదే. శేషాన్ని వెండితెరపై చూడమన్నారు ఆనాటి ప్రచురణకర్తలు. వెండితెర మీది బొమ్మ మాసిపోయిన చిత్రాల విషయంలో నేడు ఆ శేషాన్ని కాగితంపైనే వెదకవలసి ఉంది.