తొండేభావి రైలుస్టేషను - పూర్వోత్తరాలు

ఉగాది సంచికలో క్షేత్రమాహాత్మ్యం రాయడం పరిపాటి. ఈసారి మేము ఒక రైలుస్టేషనును గురించి రాయదలచాము. అక్కడ గోపురం లేదు, కోనేరు లేదు. అయినా అనంతపురం, హిందూపురం, గౌరీబిదనూరు సీమలనుంచి వచ్చి బెంగుళూరులో స్థిరపడిన మన కుటుంబాలలో ఆ స్టేషను మీదుగా రానివారు తక్కువ.

బెంగుళూరు సిటీనుంచి రైలుమార్గాన అరవై పైచిలుకు కిలోమీటర్ల దూరంలో, మాకళిదుర్గం దాటిన తర్వాత తొండేభావి వస్తుంది. అటుపైన సోమేశ్వరం, గౌరీబిదనూరు, విదురాశ్వత్థం, దేవరపల్లి, ఆ తర్వాత హిందూపురం. 2007 దాకా ఈ ప్రాంతం కోలారు జిల్లాలో ఉండేది. ఆ సంవత్సరమే చిక్కబళ్ళాపురం జిల్లా ఏర్పడినది. కన్నడంలో తొండెకాయ అంటే మన దొండకాయే. బావి మాత్రం రెండు భాషలవారికీ బావే. ఊరిపేరు అట్లాగే వచ్చిందని మేము వాదించబోము గాని, రెండు భాషలు కలిసి నీళ్ళు తోడుకునే సీమకు ఆ పేరు చక్కగా అమరింది. ఇక్కడ ఇంట తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ. కైవారం నారాయణతాత తెలుగు, కన్నడ భాషలు రెండింటా కీర్తనలు పాడింది ఈ జిల్లాలోని చింతామణి తాలూకాలోనే.

ఇక రైలు సంగతి. బెంగుళూరు దండుకు జోలార్‌పేట వైపునుంచి 1864లోనే బండి వచ్చింది. ఉత్తరపు దిక్కు మాత్రం చాలాకాలం ఎద్దుబండ్ల దారిగానే ఉండిపోయింది. 1876-78 నాటి ధాత కరువులో మైసూరు సంస్థానం తన జనంలో సుమారు ఐదవ వంతును పోగొట్టుకున్నది. ధాన్యం ఉన్నచోటునుంచి లేనిచోటికి వేళకు చేరకపోతే ఏమవుతుందో ఆ రెండేళ్ళు నేర్పాయి. తర్వాత సంస్థానానికి రైలుమార్గాలమీద పట్టుదల హెచ్చింది. 1882లో మైసూరుకు, 1884లో తుమకూరుకు బండ్లు నడిచాయి. దివాను శేషాద్రి అయ్యరుగారి హయాంలో, 1892-93లో, యశ్వంతపురంనుంచి యలహంక, దొడ్డబళ్ళాపురం మీదుగా హిందూపురం దారి తెరిచారు. సరిహద్దుకు ఆవల గుంతకల్లు వరకు ఉన్న దారికి గుంతకల్లు-మైసూరు ఫ్రాంటియర్ రైల్వే అని పేరు. భూమి ఇద్దరు ప్రభువులదైనా బండ్లు నడిపినది మాత్రం సదరన్ మరాఠా రైల్వే కంపెనీ ఒక్కటే. దారి అంతా మీటరుగేజి.

తొండేభావి విశేషం దాని నేలలో ఉన్నది. గౌరీబిదనూరు సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తు. దొడ్డబళ్ళాపురం సుమారు 880. ఈ తేడాలో ప్రధాన భాగాన్ని బండి తొండేభావికీ మాకళిదుర్గానికీ ఆ పైకీ మధ్యనున్న కొండదారిలో, వంపులు తిరుగుతూ ఎక్కవలసి ఉంటుంది. ఇది ఉత్త కొండ కాదు, రెండు నదుల సీమలను విడదీసే గట్టు. నందికొండల పక్కనే పుట్టిన ఉత్తర పినాకిని గౌరీబిదనూరు, హిందూపురాల మీదుగా పోయి, పెన్న అనే పేరుతో నెల్లూరుకు ఆవల సముద్రంలో కలుస్తుంది. అదే కొండల్లో పుట్టిన అర్కావతి దొడ్డబళ్ళాపురం వైపు దిగి కావేరిని చేరుతుంది. తొండేభావి ఇంకా పెన్న వైపే. అంటే బెంగుళూరునుంచి వెళ్ళేవారికి రాష్ట్రపు ఎల్ల హిందూపురం ముంగిట ఉన్నా, నీటి లెక్కన మన ఊళ్ళ నేల తొండేభావి దగ్గరే మొదలవుతుంది. మాకళిదుర్గం దాటగానే, ఊరు వచ్చేసినట్టు, మూటలు సర్దడం మొదలుపెట్టే అవ్వలు ఈ భూగోళం చదివినవారు కారు.

రైలు వచ్చింది గనుక అందరూ ఎక్కారని అనుకోరాదు. టిక్కెట్టు కొనగలవారే ఎక్కారు. గౌరీబిదనూరు తాలూకా హోసూరులో 1920లో పుట్టిన హెచ్. నరసింహయ్యగారు 1935లో బెంగుళూరు నేషనల్ హైస్కూలులో చేరడానికి చేతిలో చార్జీకి డబ్బులేక రెండురోజులు నడిచి పోయారు. ఆయనే తర్వాత బెంగుళూరు విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయినారు; 1984లో పద్మభూషణ్ పొందారు. గౌరీబిదనూరులోనూ, ఈనాటికీ రైలు లేని బాగేపల్లిలోనూ నేషనల్ కళాశాలలు వెలిశాయంటే, మన సీమ పిల్లలు చదువుకోసం అంతదూరం నడవకూడదనే పట్టుదల వాటి వెనుక ఉన్నదని మేము నమ్ముతాము. చార్జీ సంగతి మళ్ళీ వస్తుంది. పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవలెను.

ఈ దారికి నగరంలోని కొస యశ్వంతపురం, మల్లేశ్వరం, సిటీ స్టేషన్లు. మల్లేశ్వరం పేట 1898 నాటి ప్లేగు తర్వాత వేసినది. దాని పక్కన రైలుపట్టాలు అప్పటికే ఉన్నాయి. అంటే పేటకన్నా దారి పెద్దది. సిటీదాకా పోకుండా మల్లేశ్వరంలో దిగి బజారుకు నడిచిపోవడం మనవారికి పాత అలవాటు. కూరగాయల గంపలు, చింతపండు, వేరుసెనగ, పిల్లల చదువుకు బియ్యపు మూటలు అన్నీ ఆ మెట్లెక్కినవే.

1908లో సదరన్ మరాఠా కంపెనీ మద్రాసు రైల్వేతో కలిసింది. 1951లో అది దక్షిణ రైల్వేలో భాగమైంది. 2003నుంచి హుబ్బళ్ళి కేంద్రంగా పనిచేసే నైరుతి రైల్వే బెంగుళూరు విభాగంలో తొండేభావి ఉన్నది. 1982-83లో మీటరుగేజి తీసి బ్రాడ్‌గేజి వేశారు. ఇందులో ఒక చిత్రం ఉన్నది. బెజవాడనుంచి గుంతకల్లుకు అప్పటిదాకా మీటరుగేజియే గనుక ఆ రెండు దారులు ఒకే కొలతవి. ఇటు వెడల్పయిన తర్వాత బొంబాయి దగ్గరైంది. గుంటూరు, నంద్యాల వైపువారికి మాత్రం 1990లలో ఆ దారి కూడా మారేదాకా గుంతకల్లులో గేజి మారక తప్పలేదు. అభివృద్ధి అందరికీ ఒకేరోజు రాదు.

2009లో ఏసీసీ వారి సిమెంటు కార్ఖానా, ఏటా 16 లక్షల టన్నుల శక్తితో, తొండేభావిలో మొదలైంది. అప్పటినుంచి గూడ్సుబండ్లకు ఈ పేరు బాగా తెలిసింది. దారికి విద్యుత్తు వచ్చింది. పొగబండి రొప్పుతూ ఎక్కిన గట్టును మెము బండి సునాయాసంగా ఎక్కుతున్నది. కాని ఎక్స్‌ప్రెస్ బండ్లలో అధికభాగం ఇక్కడ ఆగవు. ఎన్ని బండ్లు పోతున్నవో చెప్పి స్టేషను గొప్పను లెక్కకట్టడం మాకు సమ్మతం కాదు. ప్లాట్‌ఫారంమీద నిలుచున్న కూలివానికి, కాలేజీ పిల్లకు, పాలకాన్లవానికి ఆగే బండే బండి.

2020 మార్చిలో కోవిడ్ వల్ల దేశమంతటా పాసింజరు బండ్లు నిలిచాయి. తిరిగి నడిచినప్పుడు వాటికి స్పెషలు అని పేరుపెట్టి, కనీసపు చార్జీ 10 రూపాయలను 30 చేశారు. ఆగే స్టేషన్లు అవే, బల్లలు అవే. రోజూ పనికి పోయివచ్చే మనిషికి రానుపోను 40 రూపాయల అదనం, నెలకు పాతిక రోజులంటే 1000. నగరంలో కొలువున్న మనకు అది హోటలు ఖర్చు. దినకూలి చేసేవానికి కొన్ని దినాల కూలి. 2024 ఫిబ్రవరిలో మళ్ళీ పదికి దించారు. ఆ నాలుగేళ్ళలో బస్సుకు మళ్ళినవారు, పని మానుకున్నవారు ఎందరో ఎవరూ లెక్కపెట్టలేదు.

బెంగుళూరు సబర్బన్ రైలుకు 2020లో అనుమతి లభించి, 2022 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. నాలుగు దారులు, మొత్తం 148 కిలోమీటర్లు. అందులో ఒకటి మన దారిమీదనే రాజానుకుంటె దాకా వచ్చి ఆగుతుంది. అక్కడినుంచి దొడ్డబళ్ళాపురం, ఒడ్డరహళ్ళి, మాకళిదుర్గం దాటితే తొండేభావి. ఆ నాలుగు స్టేషన్ల దూరానికి ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి అదనపు బండి కావాలని మన సంఘం పక్షాన ఒక వినతిపత్రం పంపాలని మా అభిప్రాయం. పండుగనాడు సంతకాల పుస్తకం భోజనాల పందిరి పక్కనే ఉంటుంది.